మేలు చేసే బ్యాక్టీరియా పేగుల్లో ఎలా కుదురుకుంటుంది?

క్లుప్తంగా: పేగుల్లోని బ్యాక్టీరియా మనకు మేలు చేయాలని అక్కడ చేరలేదు. అక్కడ దొరికే తిండికి, అక్కడున్న పోటీకి, ఆక్సిజన్ కరువుకి తగ్గట్టు మారింది కాబట్టి బతికింది. అది బతికే తీరు వల్ల మనకూ లాభం కలుగుతోంది. పరిస్థితులు మారితే అదే బ్యాక్టీరియా కొద్ది వారాల్లో ఇంకోలా మారగలదు. మింగిన ప్రోబయాటిక్ చాలామందిలో ఎందుకు నిలవదో, కొందరిలో ఎందుకు నిలుస్తుందో తెలియాలన్నా ఈ సర్దుబాట్ల గురించే తెలుసుకోవాలి.

ప్రోబయాటిక్ డబ్బాల మీద ఇన్ని వందల కోట్ల మంచి బ్యాక్టీరియా ఉందని రాసి ఉంటుంది. యాంటీబయాటిక్ కోర్సుతో పాటు కొందరు డాక్టర్లు వీటిని కూడా రాస్తారు. మరోవైపు, అలా మింగింది పేగుల్లో నిలవనే నిలవదని, అదంతా వృథా అని కథనాలు వస్తుంటాయి. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. ఎంత నిజమో తేల్చుకోవాలంటే, ఏళ్ల తరబడి పేగుల్లో ఉంటున్న బ్యాక్టీరియా అక్కడ ఎలా ఉండగలుగుతోందో ముందు చూడాలి.

2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నియమించిన నిపుణులు ప్రోబయాటిక్‌కు ఒక నిర్వచనం ఇచ్చారు. తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు అని దాని సారం. పేగుల్లో స్థిరపడాలన్న షరతు అందులో లేదు. మేలు చేయడం, నిలవడం రెండూ వేర్వేరు విషయాలని ఆ నిర్వచనాన్ని బట్టే తెలుస్తుంది. ఈ చర్చలో గందరగోళం చాలావరకు ఆ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చిందే.

సంఖ్యల విషయంలోనూ ఒక పాత పొరపాటు ఇంకా తిరుగుతోంది. ఒంట్లో మన కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువ అని చాలాచోట్ల రాస్తారు. 2016లో రాన్ సెండర్, షై ఫుక్స్, రాన్ మిలో లెక్కలు మళ్లీ వేసి చూశారు. 70 కిలోల బరువున్న మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా, 30 లక్షల కోట్ల మానవ కణాలు ఉంటాయని తేలింది. అంటే దాదాపు సమానం. బ్యాక్టీరియా మొత్తం బరువు 200 గ్రాములకు అటూ ఇటూ. అందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది. అక్కడ ఒక్క గ్రాములో 10 వేల కోట్ల వరకు ఉంటాయి.

దారిలో రెండు గండాలు

నోటి నుంచి పెద్దపేగు దాకా చేరడమే మొదటి పరీక్ష. ఖాళీ కడుపులో జఠరరసం పీహెచ్ 1.5 నుంచి 2 వరకు ఉంటుంది. బ్యాక్టీరియా కణంలోకి ఆమ్లం చొరబడితే ప్రోటీన్లు పాడవుతాయి. దీన్ని తట్టుకోవడానికి లాక్టోబాసిల్లస్ జాతులు శక్తి ఖర్చుపెట్టి, లోపలికొచ్చిన ప్రోటాన్లను (ఆమ్లం నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లను) బయటికి తోసేస్తాయి. ఇ. కోలై అనే బ్యాక్టీరియా దారి వేరు. అది గ్లుటమేట్ అనే అమినో ఆమ్లాన్ని లోపలికి తీసుకుని, దాన్ని మార్చే క్రమంలో ఒక ప్రోటాన్‌ను ఖర్చు చేసేసి, తయారైన పదార్థాన్ని బయటికి పంపేస్తుంది. అలా వచ్చిన ఆమ్లం వచ్చినట్టే ఖర్చవుతూ ఉంటుంది.

చిన్నపేగులో పైత్యరసం ఎదురవుతుంది. కొవ్వును కరిగించడం దాని పని. బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే కాబట్టి దాన్నీ కరిగించేస్తుంది. పేగుల్లో ఉండే చాలా జాతులు ఇందుకోసం ఒక ఎంజైమ్‌ను తయారుచేసుకుంటాయి. పైత్య లవణానికి అతికి ఉండే గ్లైసిన్‌నో టారిన్‌నో అది తెంపేస్తుంది. దాంతో ఆ లవణం గుణం మారుతుంది, తెగిన ముక్క కొన్ని జాతులకు ఆహారంగానూ పనికొస్తుంది. క్లోస్ట్రిడియం సిండెన్స్ లాంటి కొన్ని జాతులు ఇంకో అడుగు వేసి పైత్య ఆమ్లాల రూపాన్నే మార్చేస్తాయి. అలా మారిన ఆమ్లాలు క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే ప్రమాదకర బ్యాక్టీరియా ఎదుగుదలను అడ్డుకుంటాయి. యాంటీబయాటిక్ వాడాక ఈ బ్యాక్టీరియా విజృంభించడానికి ఒక కారణం, ఆ మార్పు చేసే జాతులు చనిపోవడమే.

మూడో ఉపాయం ప్రయాణం మొత్తం నిద్రలోనే సాగించడం. ఆక్సిజన్ తగిలితే చనిపోయే జాతులు ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరతాయన్నది చాలాకాలం చిక్కుప్రశ్నగానే ఉండేది. 2016లో వెల్‌కమ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దీనికి కొంత జవాబు చెప్పారు. పేగుల్లోని బ్యాక్టీరియా ప్రజాతుల్లో కనీసం సగం గట్టి పెంకు ఉన్న స్పోర్లుగా మారగలవని వాళ్లు గుర్తించారు. స్పోర్‌కి గాలి, ఆమ్లం, ఎండ ఒక లెక్క కాదు. మళ్లీ పేగుల్లోకి చేరాక పైత్య ఆమ్లం తగలగానే మేల్కొంటుంది. ఒకరికి గండమైనదే మరొకరికి మేలుకొలుపు.

అసలు పోటీ తిండి దగ్గరే

పెద్దపేగుకు చేరేసరికి తేలిగ్గా అరిగే చక్కెరలు, పిండిపదార్థాలు అయిపోతాయి. వాటిని చిన్నపేగే పీల్చేసుకుంటుంది. మిగిలేది మన శరీరం అరిగించుకోలేని పీచు. దాన్ని విడగొట్టే ఎంజైమ్‌లు మనిషి జన్యువుల్లో చాలా తక్కువ, ఇరవైకి లోపే. బ్యాక్టీరియాకు అవకాశం దొరికింది ఇక్కడే.

ఈ విషయంలో అందరికంటే ఎక్కువగా అధ్యయనం చేసిన జాతి బాక్టీరాయిడిస్ థెటాయోటావోమైక్రాన్. పేరు పెద్దది కాబట్టి పరిశోధకులు కూడా బి. థీటా అనేస్తారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ బృందం 2003లో దీని జన్యుక్రమాన్ని వెల్లడించింది. పీచును, ఇతర సంక్లిష్ట చక్కెరలను పట్టి, కోసి, లోపలికి లాక్కునే జన్యువులు ఇందులో గుంపులు గుంపులుగా ఉన్నాయి. అలాంటి గుంపులు 88 ఉన్నాయని తర్వాత లెక్క తేలింది. మొత్తం జన్యుక్రమంలో దాదాపు 18 శాతం ఈ పనికే పోతోంది. ఒక జీవి తన జన్యు సంపదలో ఐదో వంతుకు దగ్గరగా తిండి కోసమే కేటాయించిందంటే అక్కడి పోటీ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఒక్కో గుంపు ఒక్కో రకం పీచుకు సరిపోతుంది. ఉపరితలం మీద ఒక ప్రోటీన్ పొడవైన గొలుసును పట్టుకుంటుంది. పక్కనే ఉన్న ఎంజైమ్ దాన్ని పెద్ద ముక్కలుగా కోస్తుంది. ఇంకో ప్రోటీన్ ఆ ముక్కలను లోపలికి లాగుతుంది. చివరి కోత కణం లోపల జరుగుతుంది. అంతా బయటే కోసేస్తే తయారైన చక్కెరను పక్కనున్న జాతులు ఎత్తుకుపోతాయి. లోపల కోస్తే ఆ భయం లేదు. పిండిపదార్థం విషయంలో ఈ యంత్రాంగాన్ని మొదట విడమరిచి చూపింది అబిగెయిల్ సేలియర్స్ బృందం. అయితే బాక్టీరాయిడిస్ అన్నీ ఇంత పిసినారివి కావు. కొన్ని జాతులు బయటే కోసి పక్కవాటికీ వదిలేస్తాయి. వాటి నుంచి తిరిగి ఏదో ఒకటి అందుతున్నప్పుడు ఆ ఉదారత కూడా లాభసాటే.

బి. థీటా అన్ని గుంపులనూ ఒకేసారి నడపదు. ఏ పీచు తగిలితే దానికి సంబంధించిన జన్యువులే పనిలోకి దిగుతాయి. తిండిలో పీచు లేకపోతే ఏం చేస్తుందన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. అప్పుడు అది పేగు గోడను కాపాడే జిగురు పొర మీదికి మళ్లుతుంది. ఆ జిగురు కూడా చక్కెర గొలుసులు అతికిన ప్రోటీనే, అందుకు తగ్గ ఎంజైమ్‌లు కూడా బి. థీటా దగ్గర ఉన్నాయి. 2016లో వెలువడిన ఒక ప్రయోగంలో, సూక్ష్మజీవులు ఏమాత్రం లేకుండా పెంచిన ఎలుకలకు మనిషి పేగులకు చెందిన 14 రకాల బ్యాక్టీరియాను ఎక్కించి, పీచు లేని మేత పెట్టారు. జిగురును తినే జాతులు పెరిగాయి, పొర పలచబడింది. తర్వాత ఎలుకల్లో పేగువ్యాధి తెచ్చే బ్యాక్టీరియాను ఇస్తే జబ్బు తీవ్రంగా వచ్చింది. పీచు ఉన్న మేత తిన్న ఎలుకలు అంతగా దెబ్బతినలేదు. రెండు గుంపుల్లోనూ ఎక్కించింది అవే 14 రకాలు. మారింది మేత ఒక్కటే.

జిగురు తినే జాతులన్నీ చెడ్డవని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు. అకెర్మాన్సియా మ్యూసినిఫిలా అనే జాతికి జిగురే ముఖ్యాహారం. 2004లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో దాన్ని తొలిసారి వేరుచేసి వర్ణించారు. ఇప్పుడు దాన్నే ఆరోగ్యానికి మంచి గుర్తుగా చాలా పరిశోధనలు చూస్తున్నాయి. జిగురు తయారీకి, వాడకానికి మధ్య లెక్క సరిపోతే ఇబ్బంది లేదు. తయారీ కంటే వాడకం మించితేనే చిక్కు.

కొత్త తిండి దొరికితే కొత్త జన్యువులను పక్క జీవి నుంచి తెచ్చుకోవడం కూడా జరుగుతుంది. ఎరుపు రంగులో ఉండే ఒక రకం సముద్రపు నాచులోని పోర్ఫిరాన్ అనే చక్కెర గొలుసును కోసే ఎంజైమ్‌ను ముందు సముద్రపు బ్యాక్టీరియాలో కనుగొన్నారు. ఆ జన్యువులే జపాన్ వాళ్ల పేగుల్లో ఉండే బాక్టీరాయిడిస్ ప్లెబియస్‌లోనూ ఉన్నాయని 2010లో తేలింది. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాసుల నమూనాల్లో అవి కనిపించలేదు. నాచుతో పాటు పేగుల్లోకి వెళ్లిన సముద్రపు బ్యాక్టీరియా నుంచి అవి అక్కడి జాతికి చేరి ఉంటాయని పరిశోధకుల వివరణ.

పాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెర ఎందుకు?

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత అత్యధికంగా ఉండే ఘనపదార్థం ఒలిగోశాకరైడ్లు అనే చిన్న చక్కెర గొలుసులు. వీటిలో నూటికి పైగా రకాలు గుర్తించారు. వీటిని అరిగించే ఎంజైమ్‌లు బిడ్డకు లేవు. తల్లి శరీరం శక్తి ఖర్చుపెట్టి, బిడ్డకు తిండిగా పనికిరాని పదార్థాన్ని ఇంత మోతాదులో ఎందుకు తయారుచేస్తోందన్న ప్రశ్నకు జవాబు బ్యాక్టీరియాలో దొరికింది.

తల్లిపాలు తాగే శిశువుల మలంలో బైఫిడోబాక్టీరియంను 1899 ప్రాంతంలోనే పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిసియే చూశాడు. శతాబ్దం తర్వాత, 2008లో, బైఫిడోబాక్టీరియం లాంగమ్ ఇన్ఫాంటిస్ జన్యుక్రమం బయటికొచ్చింది. పాల ఒలిగోశాకరైడ్లను పట్టి, లోపలికి చేర్చి, కోసే జన్యువుల్లో చాలావరకు అందులో 43 వేల డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న ఒకే ముక్కలో ఉన్నాయి. బి. థీటా లాగా ఇది నానా రకాల పీచు కోసం జన్యువులు కూడబెట్టుకోలేదు. ఒక్క ఆహారం మీదే గురిపెట్టింది. అది అందినంత కాలం దీనికి పోటీ తక్కువ. చక్కెరలను పులియబెట్టి ఎసిటేట్, లాక్టేట్ వదులుతుంది, ఆమ్లత పెరిగి చాలా రోగకారక జాతులకు అక్కడ ఊపిరాడదు. తల్లిపాలు మాన్పించాక దీని వాటా తగ్గిపోతుంది. రెండు వ్యూహాల్లో ఏది మెరుగని అడిగితే జవాబు వయసును బట్టి మారుతుంది.

ఆక్సిజన్ లేని చోటు ఎవరు తయారుచేస్తారు

పెద్దపేగులోని జాతుల్లో ఎక్కువ భాగానికి ఆక్సిజన్ విషం. కానీ పేగు గోడకు రక్తం నిరంతరం ఆక్సిజన్ తెస్తూనే ఉంటుంది. అది లోపలికి ఎందుకు కారిపోవడం లేదన్నదానికి వివరణ ఆసక్తికరంగా ఉంటుంది.

ఫీకాలిబాక్టీరియం ప్రౌస్నిట్జీ, రోజ్‌బూరియా లాంటి జాతులు పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని వదులుతాయి. పెద్దపేగు గోడ కణాలకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం దీని నుంచే వస్తుంది. ఈ ఇంధనాన్ని మండించడానికి ఆ కణాలు ఆక్సిజన్‌ను భారీగా వాడేస్తాయి. అందువల్ల లోపలి వైపుకి చేరే ఆక్సిజన్ అతి తక్కువ. బ్యాక్టీరియా వదిలిన వ్యర్థాన్ని మనం తింటున్నాం, మనం ఆక్సిజన్ ఖర్చుచేసి వాటికి అనువైన చోటు ఉంచుతున్నాం.

యాంటీబయాటిక్ పడినప్పుడు ఈ చక్రం తెగుతుంది. బ్యూటిరేట్ తగ్గితే గోడ కణాలు గ్లూకోజ్‌ను ఆక్సిజన్ పెద్దగా వాడకుండానే విడగొట్టే పద్ధతికి మారతాయి. మిగిలిన ఆక్సిజన్ పేగు లోపలికి చేరుతుంది. దాన్ని వాడుకోగల సాల్మొనెల్లా, ఇ. కోలై లాంటివి వెంటనే పెరుగుతాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో 2016, 2017 సంవత్సరాల్లో ఈ క్రమం స్పష్టంగా కనిపించింది. యాంటీబయాటిక్ తర్వాత పేగువ్యాధులు ఎందుకు తేలిగ్గా పట్టుకుంటాయో చెప్పే వివరణల్లో ఇది బలమైనది.

ఫీకాలిబాక్టీరియం ఆక్సిజన్ తగిలితే నిమిషాల్లో చనిపోయేంత సున్నితమైనది. అయినా ఆక్సిజన్ కొద్దికొద్దిగా ఊరే గోడ పక్కన ఉండగలదు. జిగురులో దొరికే ఫ్లేవిన్, థయాల్ పదార్థాల సాయంతో అది తనలోని ఎలక్ట్రాన్లను కణం బయట ఉన్న ఆక్సిజన్‌కు అప్పగించేస్తుందని 2012లో తేలింది. దాన్ని క్యాప్సూల్‌లో పెట్టి అమ్మడం ఎందుకంత కష్టమో కూడా దీంతోనే తెలుస్తుంది. డబ్బాల్లో లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియం పేర్లే ఎక్కువగా కనిపించడానికి అవి అందరికంటే మేలైనవి కావడం కాదు కారణం. తయారీని, నిల్వను అవి తట్టుకోగలవు.

వ్యాధినిరోధక వ్యవస్థతో ఒప్పందం

పేగు గోడ తరచూ యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లను, అంటే సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రోటీన్లను వదులుతుంది. ఇవి బ్యాక్టీరియా పొర మీద ఉండే రుణావేశానికి అతుక్కుని దాన్ని చిల్లులు చేస్తాయి. శరీరంలో వాపు వచ్చినప్పుడు వీటి మోతాదు పెరుగుతుంది. మరి రోగకారక జీవి మీదికి వదిలిన ఆయుధం అక్కడే ఉంటున్న మంచి జాతులను ఎందుకు చంపదు? బి. థీటా తన పొరలోని ఒక అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసేస్తుందని, దాంతో రుణావేశం తగ్గి పెప్టైడ్లు అతుక్కోలేవని 2015లో ఆండ్రూ గుడ్‌మన్ బృందం చూపించింది. ఆ ఫాస్ఫేట్‌ను తీసే జన్యువు లేకుండా చేసిన బ్యాక్టీరియా మామూలు రోజుల్లో ఎలుక పేగులో నెట్టుకొచ్చింది, వాపు రాగానే తుడిచిపెట్టుకుపోయింది.

బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ ఇంకో పద్ధతి పాటిస్తుంది. అది ఎనిమిది రకాల చక్కెర కవచాలు తయారుచేయగలదు. కవచాల్లో చాలావాటికి ఉన్న స్విచ్‌లు డీఎన్‌ఏలో అటూ ఇటూ తిరగబడే చిన్న ముక్కలు. తిరగబడితే కవచం వేసుకుంటుంది, మళ్లీ తిరగబడితే విప్పేస్తుంది. ఒకే గుంపులో ఒక్కో కణం ఒక్కో వేషంలో ఉంటుంది కాబట్టి దాడి ఏ వైపు నుంచి వచ్చినా కొన్ని మిగులుతాయి. యాంటీబాడీలను సైతం ఇది తనకు అనుకూలంగా వాడుకుంటుంది. మన పేగు వదిలే ఐజీఏ యాంటీబాడీ అతుక్కున్నప్పుడు అది జిగురు పొరలో మరింత గట్టిగా పాతుకుపోతుందని 2018లో ఎలుకల్లో కనుగొన్నారు. తరిమేయడానికి పనికొస్తుందనుకున్న అణువే ఇక్కడ కొక్కెంలా పనిచేస్తోంది.

ఈ కవచాల్లో ఒకటైన పీఎస్‌ఏ, వ్యాధినిరోధక కణాలను శాంతపరుస్తుందని ఎలుకల మీద చేసిన పనిలో తేలింది. దాన్నే ఔషధంగా మార్చాలన్న ఆలోచన కూడా ఉంది. కానీ పేగు చిల్లుపడి ఇదే బ్యాక్టీరియా పొట్ట కుహరంలోకి పడితే, చీము గడ్డ కట్టడంలో కీలక పాత్ర కూడా ఇదే కవచానిది. ఇది చాలదన్నట్టు ఇదే జాతిలో కొన్ని స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని ఉపరకాలు) పేగు గోడను దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. జాతి పేరు చూసి మంచిదనో చెడ్డదనో ముద్ర వేయడం ఎంత బలహీనమైన పద్ధతో చెప్పడానికి బి. ఫ్రాజిలిస్ ఒక్కటి చాలు.

లక్షల ఏళ్ల మార్పు, వారాల మార్పు

ఈ సర్దుబాట్లు రెండు వేగాల్లో జరుగుతాయి. నెమ్మదిగా సాగేదానికి సాక్ష్యం మనిషి వంశవృక్షంలో ఉంది. మనుషులు, చింపాంజీలు, బొనోబోలు, గొరిల్లాల పేగు బ్యాక్టీరియాను పోల్చిన 2016 నాటి అధ్యయనంలో, బాక్టీరాయిడేసీ, బైఫిడోబాక్టీరియేసీ కుటుంబాల కొమ్మలు తమ ఆతిథ్య జీవుల కొమ్మలతో పాటే విడిపోయినట్టు కనిపించింది. 2022లో ఆఫ్రికా, ఆసియా, ఐరోపా ప్రజల నమూనాలతో చేసిన పరిశోధన దీన్ని మానవ సమూహాల స్థాయికి తెచ్చింది. మనుషుల వలసలతో పాటు విడిపోతూ వచ్చిన జాతుల జన్యుక్రమాలు కుదించుకుపోయి ఉన్నాయి, ఆక్సిజన్‌ను, ఉష్ణోగ్రత తేడాలను అవి అంతగా ఓర్చుకోలేవు. బయటి ప్రపంచంలో బతికే శక్తిని పోగొట్టుకుని పేగుకే పరిమితమైపోయాయన్నమాట.

వేగంగా సాగే మార్పును నేరుగా చూడటం గత కొన్నేళ్లలోనే సాధ్యమైంది. 2019లో టామీ లీబర్‌మన్, ఎరిక్ ఆమ్ తదితరులు 12 మంది ఆరోగ్యవంతుల నుంచి బి. ఫ్రాజిలిస్‌ను వేరుచేసి 600కు పైగా నమూనాల జన్యుక్రమాలు చదివారు. ఒక్కో మనిషిలో ఆ బ్యాక్టీరియా వేరే దారిలో మారుతూ పోయింది. అయినా కొన్ని జన్యువుల్లో మ్యుటేషన్లు (డీఎన్‌ఏలో వచ్చే మార్పులు) మనిషి తర్వాత మనిషిలో పదేపదే కనిపించాయి. వాటిలో పీచును లోపలికి లాగే ప్రోటీన్ల జన్యువులు, కణం పైపొరకు సంబంధించినవి ముఖ్యమైనవి. తిండి, ఆత్మరక్షణ ఒక జీవితకాలంలో కూడా ఎడతెగని ఒత్తిళ్లేనని అర్థం.

ఎలుకల్లో వేగం మరీ ఎక్కువ. ఇ. కోలైని ఎక్కించిన కొద్ది రోజుల్లోనే గెలాక్టిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌ను వాడుకునే జన్యువులు పాడైన రకాలు మిగతావాటిని తోసిరాజన్నాయని పోర్చుగల్ పరిశోధకులు 2014లో నివేదించారు. అక్కడ ఆ సామర్థ్యం భారమే తప్ప లాభం కాలేదు. సర్దుబాటు అంటే కొత్తది సంపాదించడమే కానక్కర్లేదు, ఉన్నది వదిలించుకోవడం కూడా.

మంచి బ్యాక్టీరియా మంచిగానే ఉంటుందా

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, జర్మన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నిస్లే ఒక సైనికుడి మలం నుంచి ఒక ఇ. కోలై స్ట్రెయిన్‌ను వేరుచేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు విరేచనాలతో పడిపోతుంటే ఆ సైనికుడికి ఏమీ కాలేదు. ఇ. కోలై నిస్లే 1917 అనే పేరుతో అది ఇప్పటికీ ప్రోబయాటిక్‌గా వాడుకలో ఉంది. ఇనుమును లాక్కునే అణువులు దీని దగ్గర ఎక్కువ రకాలు ఉన్నాయి, రోగకారక జీవులకు ఇనుము దక్కకుండా చేస్తుంది. అదే సమయంలో కోలిబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే జన్యువులు కూడా దీనిలో ఉన్నాయి. కోలిబాక్టిన్ మన డీఎన్‌ఏను దెబ్బతీయగలదు, డీఎన్‌ఏలో అది వదిలే ముద్రకు పెద్దపేగు క్యాన్సర్‌తో ఉన్న సంబంధం 2020లో బయటపడింది.

2019లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికే చెందిన గౌతమ్ దంతాస్ బృందం ఈ నిస్లే స్ట్రెయిన్‌ను వేర్వేరు పేగు పరిస్థితులున్న ఎలుకలకు ఇచ్చి కొన్ని వారాల పాటు గమనించింది. పేగుల్లో రకరకాల జాతులు నిండుగా ఉన్న ఎలుకల్లో అది పెద్దగా మారలేదు. ఇతర బ్యాక్టీరియా లేని పేగుల్లో మాత్రం మ్యుటేషన్లు వేగంగా పేరుకున్నాయి. తిండిని బట్టి వేర్వేరు చక్కెరలను వాడుకునే రకాలు పైకి వచ్చాయి, కొన్ని పరిస్థితుల్లో పేగు జిగురును తినగల సామర్థ్యం కూడా సంపాదించాయి. యాంటీబయాటిక్‌తో ఖాళీ అయిన పేగులోకి ప్రోబయాటిక్ పంపడం మామూలు సలహా. మార్పుకు అత్యంత అనువైన పరిస్థితి కూడా అలాంటిదేనని ఈ ఫలితం చెబుతోంది. ఎలుకల ఫలితాన్ని యథాతథంగా మనుషులకు అంటగట్టలేం, కానీ అనుమానించాల్సిన దిశ ఏదో తెలుస్తోంది.

మింగింది ఎందుకు నిలవదు

నిండుగా ఉన్న పేగులో ఖాళీ సీటు ఉండదు. ప్రతి రకం చక్కెరకూ, ప్రతి మూలకూ ఇప్పటికే ఒక హక్కుదారు ఉంటాడు. 2013లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఆరోగ్యవంతుల పేగుల్లోని స్ట్రెయిన్లలో 60 శాతం ఐదేళ్ల తర్వాత కూడా అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఇలాంటి పాతకాపులను కదిలించాలి.

2018లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎరన్ ఎలినావ్, ఎరన్ సెగల్ బృందాలు మలం నమూనాలతో సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీతో పేగు లోపలి నుంచే నమూనాలు తీసి చూశాయి. 11 స్ట్రెయిన్ల ప్రోబయాటిక్ మిశ్రమం కొందరి పేగు గోడ మీద నిలిచింది, కొందరిలో అసలు చోటు దక్కలేదు. ప్రోబయాటిక్ మొదలుపెట్టక ముందు వాళ్ల పేగుల్లో ఏ జాతులు ఉన్నాయన్నదాన్ని బట్టి ఈ తేడా కొంతవరకు ముందే ఊహించదగినదిగా ఉంది. అదే బృందం మరో ప్రయోగంలో, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తీసుకున్నవారిలో వాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైందని చూపింది. ముందే దాచిన సొంత మలాన్ని తిరిగి ఎక్కించినవారిలో కొద్ది రోజుల్లోనే పాత స్థితి వచ్చింది.

నిలిచిన ఉదాహరణలూ ఉన్నాయి. బైఫిడోబాక్టీరియం లాంగమ్ ఏహెచ్1206 అనే స్ట్రెయిన్‌ను తీసుకున్నవారిలో దాదాపు 30 శాతం మందిలో అది ఆర్నెల్ల తర్వాత కూడా ఉందని 2016లో తేలింది. ఎవరి పేగుల్లో ఆ జాతి ముందునుంచీ తక్కువగా ఉందో, దాని తిండికి అవసరమైన జన్యువులు మిగతా జాతుల్లో తక్కువగా ఉన్నాయో వాళ్లలోనే అది నిలిచింది. ఇక్కడా లెక్క తేల్చింది ఖాళీ చోటే. ఇంకోవైపు, మనిషి పేగు నుంచే 1980లలో తీసిన లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీకి జిగురును పట్టుకునే సన్నని తంతువులు ఉన్నాయి. అయినా వాడటం ఆపేస్తే సాధారణంగా కొద్ది రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో కనబడకుండా పోతుంది. పట్టు ఒక్కటే ఉంటే చాలదు, తిండి కూడా దక్కాలి.

మొత్తం గుంపును మార్చడమా, నిలవని దాన్ని తయారుచేయడమా

ఒక్క స్ట్రెయిన్‌కు చోటు దొరకని చోట మొత్తం సమూహాన్నే పంపితే ఫలితం వేరుగా ఉంటుంది. పదేపదే తిరగబెట్టే సి. డిఫిసిల్ (పైన చెప్పిన క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్) జబ్బుకు మలమార్పిడి, అంటే ఆరోగ్యవంతుల మలాన్ని రోగి పేగుల్లోకి ఎక్కించడం, చేసిన డచ్ పరీక్ష 2013లో వెలువడింది. ఒక్కసారి ఎక్కించగానే 16 మందిలో 13 మందికి నయమైంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చిన గుంపులో 13 మందిలో నలుగురికే నయమైంది. తేడా ఇంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందుగానే ఆపేశారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో మలం నుంచి తయారైన తొలి మందుకు, 2023లో శుద్ధి చేసిన స్పోర్లతో నోటి ద్వారా ఇచ్చే క్యాప్సూల్‌కు అనుమతినిచ్చింది. స్పోర్లను ఎంచుకోవడంలోని తర్కం పైన చూసిందే. ఆమ్లాన్ని దాటి, పైత్యరసం దగ్గర మేల్కొని, చేరాల్సిన చోట ఎదుగుతాయి. ఈ జబ్బులో పేగు దాదాపు ఖాళీ అయి ఉంటుందన్నది మరవకూడదు. పాతకాపులు నిండుగా ఉన్న ఆరోగ్యవంతుడి పేగులో ఇదే ఫలితం ఆశించడానికి ఆధారం లేదు.

జన్యుమార్పిడి ప్రోబయాటిక్‌లు తయారుచేసేవాళ్లు మాత్రం వ్యతిరేక దిశలో వెళ్లారు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బులో ఫినైల్‌అలనైన్ అనే అమినో ఆమ్లం రక్తంలో పేరుకుపోతుంది. దాన్ని పేగులోనే విడగొట్టే ఎంజైమ్‌ను నిస్లే స్ట్రెయిన్‌లో పెట్టారు. దాంతోపాటు కణ గోడకు తప్పనిసరైన ఒక పదార్థాన్ని తయారుచేసే జన్యువును కావాలనే తీసేశారు. బయట నుంచి ఆ పదార్థం అందితేనే అది పెరుగుతుంది, పేగులో అది దొరకదు. అంటే రోగి పొట్టలో ఆ బ్యాక్టీరియా పనిచేస్తుంది గానీ తన సంతతిని పెంచలేదు. సంతతి లేకపోతే మ్యుటేషన్లు పేరుకోవు, జిగురు తినడం నేర్చుకునే రకాలు పుట్టవు. అందుకు బదులుగా ప్రతి మోతాదులో కావలసినంత బ్యాక్టీరియాను బయటే పెంచి, మళ్లీ మళ్లీ ఇస్తూ ఉండాలి. ఆ చికిత్స మూడో దశ పరీక్షను ఆశించిన ఫలితం వచ్చేలా లేదని 2024లో ఆపేశారు. పేగులో స్థిరపడి ఏళ్ల తరబడి పనిచేసే జన్యుమార్పిడి స్ట్రెయిన్‌కు అనుమతి అడిగేవాళ్లు, అది అక్కడ ఏ దిశలో మారుతుందో కూడా ముందే చూపించాల్సి ఉంటుంది. ఎలుకల్లో ఆ పరీక్షకు కొన్ని వారాలు సరిపోతాయి. మనుషుల్లో అయితే ఒక్కొక్కరి పేగులో ఒక్కో దారి.